ఊపిరి బిగబట్టకుండా తీసిన ఫోటో

మా తాత నలభై ఏళ్లు పాస్‌పోర్టు ఫోటోలు తీశాడు. ఆ ఫోటోల్లో అందరూ నేరం ఒప్పుకోవడానికి వచ్చినవాళ్లలాగే ఉంటారు. "గడ్డం కొంచెం దించండి, కళ్లు ఇటు, కదలకండి" అని చెప్పి, తను ఊపిరి బిగబట్టి మీట నొక్కేవాడు. ఊపిరి ఆడితే చెయ్యి కదులుతుందట.

ఫోన్లు వచ్చాక స్టూడియో మూతపడింది. తాత ఇంట్లో కూర్చుని మాకు వెలుతురు సర్దడం మొదలుపెట్టాడు. నేను అన్నం తింటుంటే కర్టెన్ జరిపేవాడు. అమ్మమ్మ కూరలు తరుగుతుంటే కిటికీ వైపు తిరగమనేవాడు. కత్తి ఆవిడ చేతిలో ఉందన్న సంగతి కూడా చూసుకునేవాడు కాదు.

ఒకసారి అమ్మమ్మకి పన్ను పీకించడానికి వెళ్లాం. డాక్టరు గదిలో గోడ మీద సముద్రం అడుగున తీసిన చేప ఫోటో ఉంది. తాత దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"వెలుగు వెనక నుంచి పడింది. చేప మొహం నల్లబడింది. నేనైతే ఇలా తియ్యను."

"అయితే దిగి తియ్యండి" అంది అమ్మమ్మ, నోటి నిండా దూదితో. ఆ దూది లేకపోతే, వద్దని కూడా అనేదేమో.

అరవై ఆరేళ్ల మనిషి ఆ వారమే రేవు దగ్గర డైవింగ్ స్కూల్లో చేరాడు. గుండె, ఊపిరితిత్తులు రెండుసార్లు పరీక్షించి, చేసేదేం లేక స్కూలు డాక్టరు ఫారం మీద సంతకం పెట్టాడు. నేర్పే టీచరమ్మకి ముప్పై ఏళ్లుంటాయి. మొదటి రోజే బోర్డు మీద ఒక్క ముక్క రాసింది: నీళ్లలో ఎప్పుడూ ఊపిరి బిగబట్టకూడదు. వీపున సిలిండరులోంచి పీల్చిన గాలిని బిగబట్టి పైకి తేలితే, అది ఉబ్బి ఊపిరితిత్తులు చిట్లిపోతాయి. తాత దాన్ని నోట్సులో ఎక్కించి, కింద రెండు గీతలు గీశాడు. నేను బడికి వెళ్లిన తొమ్మిదేళ్లలో అంత శ్రద్ధగా ఏదీ రాసుకోలేదు.

ఈత కొలనులో ఆయనే క్లాసు ఫస్టు. సముద్రంలో చేతికి కెమెరా ఇచ్చాక వచ్చింది తంటా. వేలు మీట మీదకి వెళ్లగానే బుడగలు ఆగిపోయేవి. ఛాతీ నిండా గాలితో, కెమెరా కంటికి ఆనించుకునే, లిఫ్టులో వెళ్తున్నట్టు పైకి లేచేవాడు. టీచరమ్మ కాలు పట్టి కిందికి లాగింది. రెండో ఆదివారమూ అదే.

"తాతగారూ, మళ్లీ బుడగలు ఆగాయి."

"చిన్నవి వచ్చుంటాయమ్మా, నీకు కనపడలేదు."

"పదకొండు సెకన్లు. లెక్కపెట్టాను."

"ఊపిరి తీస్తే చెయ్యి కదులుతుంది కదా. ఫోటో ఏమైపోవాలి?"

"ఫోటో పోతే ఇంకోటి తీసుకోవచ్చు. మీకేమన్నా అయితే, ఇదిగో ఈ మనవరాలికి నేనేం చెప్పాలి?" అంది నన్ను చూపించి. "వచ్చే వారం ఆఖరిసారి. అప్పుడూ ఆగితే ఇక కెమెరా ఇవ్వను. ఉత్తినే దిగి చూసి రండి."

"ఉత్తినే దిగడమెందుకు, తడవడానికా?" అన్నాడు. కెమెరా పోతే ఆయనకి మిగిలేది ఇంట్లో కుర్చీ, మా కర్టెన్లు. అది నాకూ తెలుసు.

ఆ వారమంతా నేనే మాస్టర్ని. తాత ముక్కు కొసకి సన్నటి దారం అంటించాను. మీట నొక్కేటప్పుడు దారం ఊగకపోతే తప్పినట్టు.

"ముక్కుకి తోకేంటి, గాలిపటమా?" అంది అమ్మమ్మ. రెండు రోజులు నవ్వింది. మూడో రోజు తాత ఎదుటి స్టూలు మీంచి నన్ను లేపి, తనే కూర్చుంది. శనివారానికి తాత పదిలో ఏడు దాకా వచ్చాడు.

"ఇక చాల్లే" అని లేవబోయాడు.

"కూర్చోండి. ఆ మిగతా మూడూ చూపించాకే అన్నం."

ఆ రోజు మేం అన్నం తినేసరికి మధ్యాహ్నం మూడు గంటలు దాటింది.

ఆదివారం అమ్మమ్మ కూడా రేవుకి వచ్చింది. తాత, టీచరమ్మ దిగాక మేం గట్టు మీద కూర్చుని, పైకొచ్చే బుడగల్ని చూస్తున్నాం. బుడగలు కాస్త ఆగితే చాలు, అమ్మమ్మ నా మణికట్టు నొక్కేస్తోంది.

"లోపలికి పీల్చేటప్పుడు బుడగలు రావు అమ్మమ్మా."

"నాకు తెలీదా" అంది. చెయ్యి మాత్రం వదల్లేదు.

అరగంటకి తాత పైకొచ్చాడు. మొహం వేలాడేసుకున్నాడు.

"పోయింది. ఆక్టోపస్ రాళ్లలోంచి బయటికొచ్చి నా వంకే చూసింది. అంత కుదురుగా నా ముందు ఏ మనిషీ కూర్చోలేదు. సరిగ్గా అప్పుడే ఊపిరి వదిలాను, చెయ్యి కదిలింది."

టీచరమ్మ కెమెరా తీసుకుని చూసింది. ఏదో గోధుమరంగు మరక, అందులో ఓ పక్కన కన్ను. ఆవిడ నవ్వి, తాత ట్రైనింగ్ పుస్తకంలో సంతకం పెట్టేసింది.

"కింద బుడగలు నేను చూస్తూనే ఉన్నాను, ఒక్కసారీ ఆగలేదు. ఇక కెమెరా మీ చేతికే తాతగారూ. ఫోటో మాత్రం ఘోరంగా ఉంది."

"నాకు తెలుసులేమ్మా. ఎవరికీ చూపించకు" అన్నాడు. అప్పటికే అమ్మమ్మ చూసేస్తోంది.

"కన్ను బాగానే పడింది" అంది.

"కన్నొక్కటే పడింది."

అమ్మమ్మ కెమెరా ఆయన చేతిలో పెట్టి, తువ్వాలుతో తల తుడవడం మొదలుపెట్టింది. కాస్త గట్టిగానే తుడిచింది. తాత ఆ తువ్వాలు కిందనుంచే టీచరమ్మని అడిగాడు, "రేపు స్కూలు తెరిచే ఉంటుందా? ఆ ఆక్టోపస్ ఇల్లు మారకముందే ఇంకోసారి వెళ్లాలి."

"ఉంటుంది, ఎనిమిదింటికి రండి."

"ఏడున్నరకి వస్తాం" అంది అమ్మమ్మ.