పొయ్యి వెలిగించి రాసిన లెక్క

మొన్న ఉదయం పేపరులో, ఏ దేశంలో ఎండ నుంచీ గాలి నుంచీ నీటి నుంచీ ఎంతెంత శక్తి పుడుతోందో చెప్పే పట్టిక ఒకటి పడింది. పెద్ద పెద్ద అంకెలన్నీ దాటుకుంటూ పోయి, అట్టడుగున పేడ గ్యాసు వరుస దగ్గర నా వేలు ఆగిపోయింది. చదివేవాళ్లకు అది ఉత్త అంకె. కానీ దాని పుట్టుక ఎవరి పెరట్లోనో పశువుల పాక పక్కన ఉంటుందనీ, అక్కడ ఒక మనిషి రాసుకున్నది మండలానికీ జిల్లాకూ హైదరాబాదుకూ ఢిల్లీకీ చేరి, చివరికి ప్రపంచ లెక్క కోసం దేశదేశాల వాళ్లు నింపి పంపే ఫారాల్లో కలిసిపోతుందనీ నాకు తెలుసు. తొంభైల్లో అలా రాసుకునే మనుషుల్లో నేనొకణ్ణి.

మన ఈడు వాళ్లకు గోబర్ గ్యాసు రోజులు గుర్తుండే ఉంటాయి. పెరట్లో గొయ్యి, దాని మీద బోర్లించిన ఇనుప డ్రమ్ము, వంటింటిదాకా గొట్టం, పొయ్యి మీద నీలం మంట. ప్రభుత్వ సాయంతో కట్టించుకున్న వాటిలో ఎన్ని నడుస్తున్నాయో ఊరూరా తిరిగి రాయడం మా ఉద్యోగం. సామర్లకోట వైపు ఊళ్లు నావి, ఆత్రేయపురం వైపువి మా తోడల్లుడివి. అతను మా ఆవిడ చెల్లెలి భర్త, నాకన్నా అయిదేళ్లు చిన్న. అతని చేత ఆ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టించింది కూడా నేనే.

నేను వీధి అరుగు మీద కూర్చుని "గ్యాసు నడుస్తోందాండీ?" అని అడిగేవాణ్ణి. లేదంటే ఆఫీసువాళ్లు ఏమంటారోనని అందరూ నడుస్తోందనేవారు, నేనూ అలాగే రాసుకునేవాణ్ణి. అతను మాత్రం పెరట్లోకి వెళ్లి, ఇల్లాలి చేత పొయ్యి వెలిగించి చూశాకగానీ కలం తీసేవాడు కాదు. గొట్టం పూడుకుపోయి ఉంటే చొక్కా చేతులు మడిచి, తీగ పెట్టి పొడిచి బాగుచేసేవాడు. ఆ ఊళ్ల ఆడవాళ్లు అతన్ని సొంత తమ్ముడిలా చూసేవారు. పూతరేకుల పొట్లం లేకుండా తిరిగొచ్చిన రోజులు తక్కువ. ఆ పొట్లాలు మా అత్తవారింటికి చేరేవి. మామగారు పెద్దల్లుణ్ణయిన నన్ను పక్కన పెట్టి, అతని కుర్చీ దగ్గరికి లాక్కుని కబుర్లు అడుగుతుంటే, పూతరేకు నా నోట్లో కాగితంలా ఉండేది. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, అదంతా కడుపుమంటే.

ఒక ఏడాది మా పై అధికారి నన్ను పిలిచి, నా ఊళ్లలో దాదాపు అన్నీ నడుస్తుంటే అతని ఊళ్లలో సగమే ఎందుకు నడుస్తున్నాయని అడిగారు. ఎందుకో నాకు తెలుసు. అయినా నా నోట వచ్చిన మాట వేరు.

"మావాడు తిరగడం తక్కువండి. అరుగు మీద కూర్చుని, చూడకుండానే నడవట్లేదని రాసేస్తున్నాడేమో."

మర్నాటి నుంచి అతన్ని ఆఫీసులో కాగితాల దగ్గర కూర్చోబెట్టారు. అతని ఊళ్లు మళ్లీ చూసి రమ్మని నన్నే పంపారు.

అతని లెక్కల పుస్తకం చంకన పెట్టుకుని, తప్పులు దొరక్కపోతాయా అన్న ఆశతోనే వెళ్లాను. మొదటి ఇంట్లో వెలుగుతోందని రాశాడు, వెలిగింది. రెండో ఇంట్లో డ్రమ్ము తుప్పుపట్టి చిల్లుపడిందని రాశాడు, చిల్లు అలాగే ఉంది. మూడో ఇంట్లో గేదెల్ని అమ్మేశారని రాశాడు, పాక ఖాళీ. ఎన్ని ఇళ్లు తిరిగినా ఒక్కటీ తప్పలేదు. ఆఖరున, పూతరేకులు వేసే ఒక పెద్దావిడ ఇంటి దగ్గర అలవాటుగా అరుగు మీద కూర్చోబోతే, ఆవిడ లోపలికి పిలిచింది.

"అక్కడ కూర్చుంటే ఏం కనిపిస్తుందండి? ఆ బాబుగారైతే ముందు పొయ్యి వెలిగించమనేవారు. వెలగట్లేదని చెప్పడానికి నాకు సిగ్గేసిందండి. ఉన్నదున్నట్టు రాస్తేనే కదమ్మా బాగుచేసేవాళ్లొచ్చేది అన్నారు. ఈసారి ఆయన రాలేదేంటండి, ఒంట్లో బాలేదా?"

బాగానే ఉన్నాడని చెప్పి, ఆవిడ మొహం చూడలేక బయటికొచ్చేశాను.

అతని లెక్క ఇంటింటికీ సరిపోయిందని రిపోర్టు రాసిచ్చాను. అధికారి అది చదివి తలెత్తి, "మరి మీ ఊళ్ల సంగతేంటండీ?" అన్నారు. నా ఊళ్లకు మళ్లీ వెళ్లాను, ఈసారి పెరట్లోకి. సగానికి సగం పొయ్యిలు వెలగలేదు. కొత్త అంకెలు రాసిచ్చి, అందరి ముందూ చీవాట్లు తిన్నాను. పాత అంకెలు మాత్రం అప్పటికే ఢిల్లీ చేరిపోయాయి. అక్కడినుంచి ఎన్ని పుస్తకాల్లోకి ఎక్కాయో, ఎవరు వాటిని నమ్మారో, నాకు తెలియదు.

మా తోడల్లుణ్ణి మళ్లీ తన ఊళ్లకు పంపారు. బయల్దేరే రోజు అతను నా బల్ల దగ్గరికి వచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నా మీద ఎవరో ఏదో చెప్పారటండి, అన్నయ్యగారూ. మీరు ఎండలో తిరిగి నిజం రాశారు. నా మూలంగా మీరు మాట పడ్డారు."

ఆ ఎవరో నేనేనని అప్పుడే చెప్పేయాల్సింది. "పోనీలేవయ్యా" అన్నాను.

అతను పోయి మూడేళ్లయింది. ఇప్పుడు మేడల మీద సోలారు పలకలు తమ లెక్క తామే ఫోనులోకి పంపుకుంటున్నాయట. ఎవరూ ఏ పెరట్లోకీ తొంగిచూడనక్కరలేదు, ఒకరి మీద మరొకరు చాడీ చెప్పే వీలూ లేదు. మంచిదే. కానీ ఆ తిరుగుళ్లూ, ఇల్లాళ్ల పలకరింపులూ, ఆ పనిలో మంచివాడో కాదో మనిషి బయటపడే ఘడియా, అన్నీ ఆ చాడీలతోపాటే పోయాయి. అతను నన్ను చివరిదాకా మంచివాడని నమ్మి వెళ్లిపోయాడు. సాటిమనిషిని అంత తేలిగ్గా నమ్మగలిగిన ఆ మనసంటే నాకు ఈనాటికీ అసూయే.