మూడు చెట్ల వంపు

ఈ ఉదయం ఒక క్లయింటు పాత దస్తావేజుల మూట విప్పగానే గుప్పున కలరా ఉండల వాసన వచ్చింది. కరుణమ్మ గారి బీరువా తెరిచినా ఇదే వాసన. అమలాపురంలో మా పక్క వాటాలో ఉండేవారు, సివిలు కేసులు చూసే లాయరు. పొట్టి మనిషి, మాట మెత్తన, పని దగ్గర మాత్రం పరమ చాదస్తం. పొలం తగాదా వస్తే, స్వయంగా గట్టు మీద నడిచి చూడనిదే దావా వేసేవారు కాదు. తోటి లాయర్లు నవ్వుకునేవారు. ఆమెకు పట్టేది కాదు.

నేను ఇంటరు పూర్తిచేసిన వేసవి అది. ఎంసెట్‌లో మంచి ర్యాంకే వచ్చింది. ఆమెను చూసి లాసెట్ కూడా రాశాను. మా నాన్నకు అదొక కాలక్షేపంగా కనిపించింది. మా వంశంలో మొదటి ఇంజనీరు వస్తోందని ఆయన అప్పటికే వీధంతా చాటేశారు. నాకు మాత్రం ఎటూ తేలలేదు. కరుణమ్మ గారిని అడిగితే, "నన్ను చూసి మాత్రం రాకమ్మా. నేనేమంత బాగుపడిపోయేనని?" అన్నారు.

ఆ రోజుల్లోనే మామిడికుదురు వైపు నుంచి సత్తెయ్య గారనే ముసలి రైతు వచ్చారు. పక్క చేలో రొయ్యల చెరువు తవ్వుతున్నవాళ్లు ఆయన గట్టు మీదికి జరుగుతున్నారట. దావాకు జతచేయడానికి హద్దుల ప్లాను కావాలి. కరుణమ్మ గారు జ్వరంతో మంచం మీదున్నారు. ఆ ఒక్కసారి పొలానికి వెళ్లలేకపోయారు. "ఇంజనీరువి కాబోతున్నావు కదా, నువ్వు గీసిపెట్టమ్మా" అని, ఆయన పెన్సిలుతో గీసుకొచ్చిన కాగితం నా చేతికిచ్చారు. అందులో గట్టు ఒకచోట వంకరపోయింది. ముసలాయన చెయ్యి వణికిందనుకున్నాను. స్కేలు పెట్టి తిన్నగా గీశాను. ఆ గీత చూసుకుని ఎంత మురిసిపోయానో! సత్తెయ్య గారు కాసేపు ప్లాను వంక చూసి, వేలిముద్ర వేశారు.

అది చెయ్యి వణకడం కాదు. గట్టు అక్కడ మూడు కొబ్బరిచెట్లను కలుపుకుంటూ వంపు తిరుగుతుంది. నా గీతతో ఆ చెట్లు అవతలివాళ్ల వైపు పడ్డాయి. కోర్టులో అవతలి లాయరు ఆ ప్లాను పైకెత్తి, చెట్లు మావేనని వీళ్లే ఒప్పుకున్నారన్నాడు. కరుణమ్మ గారు లేచి, "పొరపాటు నాదండి, సవరించుకుంటాం" అన్నారు. నా పేరు ఎత్తలేదు. ఆ సవరణ విచారణకు వచ్చేలోపే అవతలివాళ్లు మూడు చెట్లూ నరికేశారు.

ఆదివారం చర్చి నుంచి రాగానే ఆమె నన్ను వెంటబెట్టుకుని సత్తెయ్య గారి దగ్గరికి వెళ్లారు. "నువ్వే చెప్పమ్మా" అన్నారు. చెప్పాను. ఆయన నరికిన మొదళ్ల వైపు చూస్తూ, "ఆయ్, వంపు లేదని నేనూ చూసేనండి. తమరు చదువుకున్నోరు, ఇలాగే గీయాలేమో అనుకున్నానండి" అన్నారు. కోపగించుకోలేదు. మాకు కొబ్బరినీళ్లు ఇమ్మని కోడలికి చెప్పారు. ఆ నీళ్లు తాగడం నా వల్ల కాలేదు.

తిరుగు బస్సులో, "నాకీ పని తగదండి, ఇంజనీరింగుకే పోతాను" అన్నాను.

"వెళ్లమ్మా. అక్కడ గీసినా ఎవరో ఒకరి నేల మీదే కదా గీస్తావు" అన్నారామె.

మర్నాడే ఇంజనీరింగు కాలేజీల ఎంపికకు ఆఖరు రోజు. కంప్యూటరు ముందు చాలాసేపు కూర్చుని, ఒక్క కాలేజీ కూడా ఎంచుకోకుండా లేచి వచ్చాను. సత్తెయ్య గారు తప్పు చూసి కూడా అడగలేదు. ఆయన చూపు కాగితం మీద ఆగడం చూసినా నేనూ అడగలేదు. అలా చూపు ఆగినచోట ఏమిటని అడిగే పనే చేయాలనిపించింది. లా కాలేజీలో చేరాను. నాన్న ఆ ఏడాదంతా నాతో ముభావంగానే ఉన్నారు.

కరుణమ్మ గారు పోయి నాలుగేళ్లయింది. నేనిప్పుడు అదే కోర్టులో లాయరుగా పనిచేస్తున్నాను. ప్లాను తయారయ్యాక క్లయింటును కూర్చోబెట్టి, హద్దు వెంట వేలు నడిపిస్తూ, ఎక్కడ తేడా ఉందో చెప్పమంటాను. దాదాపు అందరూ ఒకటే మాట అంటారు. "మీకంటే మాకేం తెలుసండి?"

ఆ మాట అన్నవాళ్ల చేత ఆ రోజు సంతకం పెట్టించను.