పులిసిన గంజి వాసన

ఆ రోజు మగ్గం గుంటలో కూర్చుని తొక్కుడు చెక్క మీద కాలు పెడితే, కాలు నా మాట వినలేదు. చెయ్యి ఆడింది, నూలు మోసే నాడె అటు నుంచి ఇటు వచ్చింది, కాలు మాత్రం ఎవరిదో అన్నట్టు ఊరుకుంది. తిమ్మిరి పట్టిందేమోనని గిల్లి చూశాను. గిల్లిన సంగతి వేళ్ళకు తెలిసింది గానీ కాలికి తెలియలేదు.

నడుము నొప్పి అంతకు ముందే చాలాకాలంగా ఉంది. వరంగల్లులో నేత నేసే మా సాలోళ్ళ ఇళ్ళల్లో నడుము నొప్పి లేదని ఎవడైనా అంటే వాడు పని దొంగ అని అర్థం. మా అన్న కొమురయ్యకు చెబితే, "గుంటల కూసున్నోనికి నడుం నొయ్యక పండ్లు నొస్తయారా" అని నవ్వాడు. సాయంత్రం పూట ఒళ్ళు వెచ్చబడటం, అన్నం సయించకపోవడం, చిక్కిపోవడం అన్నీ మగ్గం ఖాతాలోనే వేశాం. ఆ నవ్వుకు అన్న ఇప్పటికీ బాధపడతాడు. నాకు ఆయన మీద కోపం లేదు. మా నాన్న ఉన్నా అదే మాట అనేవాడు.

కాలు ఆగిపోయాక మాత్రం ఇంట్లో ఎవరికీ నవ్వు రాలేదు. ఎక్స్‌రే కోసం రైలెక్కి పట్నం పోయి వచ్చాం. ఆ ఫిల్మ్ పట్టుకుని హన్మకొండ దారిలో ఉన్న ఒక నర్సింగ్ హోంకు వెళ్ళాం. దాని పేరు రాయను. అక్కడి పడకలకు దుప్పట్లు మా ఇంట్లోనే నేసేవాళ్ళం, ఆ పరిచయంతో డాక్టరు గారు నాకొక పడక ఇచ్చారు. ఆయన కోస్తా వైపు మనిషి, మెత్తగా మాట్లాడేవారు. ఫిల్మ్‌ను కిటికీ వెలుగుకు పెట్టి చూసి, "స్పైన్ టీబీ. రెండు ఎముకలు తినేసింది. నర్వ్‌ల మీద ప్రెషర్ పడుతోంది, అందుకే కాళ్ళు పోతున్నాయి" అన్నారు.

నా భార్య లచ్చమ్మ ఒక్కటే అడిగింది. "మళ్ళ మగ్గమెక్కుతడా సారూ?"

"ప్లాస్టర్ బెడ్‌లో కదలకుండా పడుకుంటే ఎక్కుతాడు. కదిలితే మాత్రం నా పూచీ లేదు."

ప్లాస్టర్ బెడ్ అంటే సున్నపు తొట్టి అనుకోండి. మెడ నుంచి తొడల దాకా మన వీపు కొలతకే పోసిన తొట్టి. అందులో వెల్లకిలా పడుకోవాలి. ముందు వైపుకు ఇంకో తొట్టి ఉంటుంది. వారానికోసారి దాన్ని పైన మూసి, ఇద్దరు మనుషులు పట్టి, మనిషిని బోర్లా తిప్పి, వీపు కడిగి, పౌడర్ వేసి, మళ్ళీ తిప్పాలి. ఈ సంగతి డాక్టరు గారు మొదటి రోజే నర్సుకూ కాంపౌండరుకూ చెప్పారు. మా వాళ్ళు విన్నది మాత్రం "కదలకూడదు" అన్న ఒక్క మాటే.

దవాఖాన మంచిదా కాదా అని మా వాళ్ళు ఎట్లా చూశారో చెప్పాలి. గచ్చు ఫినాయిల్ వాసన వేస్తోంది, మంచాలు వరుసగా ఉన్నాయి, నర్సు టోపీ తెల్లగా ఉంది. మా అన్న ఇవేవీ పట్టించుకోకుండా నేరుగా వచ్చి నా మీది దుప్పటి అంచు రెండు వేళ్ళ మధ్య నలిపి చూశాడు. గంజి పెట్టి ఇస్త్రీ చేసి పెళపెళలాడుతోంది. "గుడ్డను ఇంత మంచిగ జూసుకునేటోళ్ళు మనిషిని జూడరా? ఫికర్ చెయ్యకురా సాంబయ్యా" అన్నాడు. నాకూ ధైర్యం వచ్చింది. మా చేతి గుడ్డే నా మీద ఉంది, ఇల్లు దగ్గరే ఉన్నట్టు అనిపించింది.

మొదట్లో అంతా మంచిగానే జరిగింది. మా వాళ్ళను బయటికి పంపి వారం వారం తిప్పేవాళ్ళు. కాడ్ లివర్ ఆయిల్ తాగించేవాళ్ళు, కాల్షియం ఇంజెక్షన్ ఇచ్చేవాళ్ళు. ఒక పొద్దున లచ్చమ్మ కాళ్ళు తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయింది. "ఏమయ్యా, బొటనవేలు కదిలిస్తివా?" అంది. నేను కదిలించాలని రోజూ అనుకునేవాణ్ణి, ఆ రోజు అది నిజంగానే కదిలిందట. మళ్ళీ అనుకున్నాను, మళ్ళీ కదిలింది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. డాక్టరు గారు వచ్చి అరికాలు గీసి చూసి, "వెరీ గుడ్, నర్వ్ వస్తోంది" అన్నారు. నా జబ్బు మొత్తంలో సంతోషమంటే అదొక్కటే, కాబట్టి దాన్ని దాచుకోకుండా రాస్తున్నాను.

తరువాత కాంపౌండరు, అప్పుడు నడుస్తున్న పెద్ద యుద్ధంలో పనికని వెళ్ళిపోయాడు. ఆయన బదులు ఎవరూ రాలేదు. నర్సమ్మ ఒక్కతే మిగిలింది, వార్డంతా ఆమె నెత్తినే పడింది. తొట్టితో సహా మనిషిని తిప్పడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఒక వారం తప్పింది, ఇంకో వారం తప్పింది, ఆ పైన అది చేయవలసిన పని అన్న సంగతే అందరూ మరిచిపోయారు. కాళ్ళలాగే నా వీపుకూ స్పర్శ లేదు, నొప్పి తెలియదు. తిప్పడం మానేశారంటే నయమవుతున్నట్టే అనుకున్నాను.

వానకాలంలో వాసన మొదలైంది. మా అన్న వచ్చి ముక్కు ఎగబీల్చి, "గంజి పులిసింది. ఈ ముసుర్ల దుప్పట్లు ఎండుతలేవు" అన్నాడు. లచ్చమ్మ కూడా అదే అంది. మా ఇళ్ళల్లో పడుగు నూలుకు పెట్టే గంజి కుండలో పులుస్తూనే ఉంటుంది, ఆ వాసనలో పుట్టి ఆ వాసనలో పెరిగిన వాళ్ళం. వేరే కులం మనిషి ఎవరైనా అయితే ఇదేం కంపు అని అడిగేవాడేమో. మాకు అది ఇంటి వాసన. నేనైతే కళ్ళు మూసుకుని మగ్గం దగ్గర ఉన్నాననుకునేవాణ్ణి.

జ్వరం పెరిగింది. చార్ట్ చూసి డాక్టరు గారు, "టీబీలో ఈవెనింగ్ టెంపరేచర్ మామూలే" అన్నారు. వారం గడిచింది, పొద్దున కూడా ఒళ్ళు కాలుతోంది. ఆయన చార్ట్ చూసేవారు, నాలుక చూసేవారు, నాడి చూసేవారు. ఒక మనిషికి ముందు వైపు ఏమేం ఉంటాయో అన్నీ చూసేవారు.

ఆ సమయంలోనే ఊళ్ళకు సర్కారు ధాన్యం పట్టుకుపోయే లెవీ వచ్చి బియ్యం కరువయ్యాయి. ఒక మధ్యాహ్నం లచ్చమ్మ నా దుప్పటి సర్దుతూ అంచు పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. గుడ్డ మెత్తగా వేలాడుతోంది.

"నర్సమ్మా, దుప్పట్లకు గంజి పెడతలేరా?"

"తాగడానికే గంజి లేదు, దుప్పట్లకు ఎక్కడ పెట్టమంటావు? నెల అయింది మానేసి" అంది నర్సమ్మ.

లచ్చమ్మ నా వైపు చూసింది. ఆ చూపు నాకు ఇంకా గుర్తుంది. "గంజే లేకపోతే పులిసిన వాసన ఏడికెల్లి వస్తాంది?" అంది మెల్లగా. తరువాత గొంతు పెంచి, "ఈయన్ని తిప్పుండ్రి. ఇప్పుడే తిప్పుండ్రి. నేను జూడాలె" అంది. కదిలిస్తే స్పైన్‌కు ముప్పు అని నర్సమ్మ భయపడింది. లచ్చమ్మ వినలేదు. మా అన్నను పిలిపించింది. ముగ్గురూ కలిసి తిప్పారు.

తిప్పాక నేను బోర్లా ఉన్నాను, నాకు గచ్చు తప్ప ఏమీ కనిపించలేదు. అన్న గది బయటికి వెళ్ళి కక్కుకున్న చప్పుడు విన్నాను. డాక్టరు గారు వచ్చి, "బెడ్ సోర్. బోన్ దాకా పోయింది" అన్నారు. చార్ట్ తిరగేసి, "ఇంత అయ్యేదాకా ఎవరూ చెప్పలేదేమిటి?" అని అడిగారు.

"ఎవలు జెప్పాలె సారూ?" అంది లచ్చమ్మ. "ఆయనకు కనవడది. మాకు మీరు చూపియ్యలే. మీరు చూడలే."

ఆయన చొక్కా చేతులు మడిచి వేడినీళ్ళు తెమ్మన్నారు. నర్సమ్మ గోడ వైపు తిరిగి ఏడ్చింది. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు, ఆ మాట నేను ఎక్కడైనా చెబుతాను. కంటికి కనిపించేదంతా అక్కడ మంచిగానే ఉండేది.

పుండు కడగాలంటే తొట్టి తీసేయాలి. తొట్టి తీస్తే వెన్నెముకకు ఆసరా ఉండదు. ఏదో ఒకటే కుదురుతుంది. తీసేశారు. సల్ఫా పౌడర్ చల్లి కట్లు కట్టారు. పెన్సిలిన్ అని కొత్త మందు ఉందట, అది మిలిటరీ వాళ్ళకే దొరుకుతుందట. కొద్ది రోజులకే నడుము దగ్గర ఎముక కుంగింది. బొటనవేలు మళ్ళీ కదలలేదు. నేను అనుకోవడం మానలేదు, అది కదలడం మానింది. "ఇక ఇంటికి తీసుకుపోండి" అన్నారు డాక్టరు గారు. లచ్చమ్మ ఈసారి మగ్గం సంగతి అడగలేదు.

ఇప్పుడు ఇంట్లోనే ఉన్నాను. నూలు దొరికినన్నాళ్ళు లచ్చమ్మే గుంటలో దిగి నేసింది. మంచం అంచుకు ఛాతీ ఆనించి, బోర్లా పడుకుని నేను ఆమెకు నాడెలో పెట్టే కండెలు చుట్టిపెట్టాను. ఆడవాళ్ళ పని మగవాడికి, మగవాడి పని ఆడదానికి వచ్చిందని వాడలో నవ్వుకున్నారు. నా కండె వదులుగా ఉందని లచ్చమ్మ తిట్టేది, ఆ తిట్లు బాగుండేవి. ఇప్పుడు నూలు రావడం ఆగింది, మగ్గం మీద దుమ్ము పడుతోంది. పుండు మానలేదు. మానుతుందని నాకు ఆశ లేదు.

చదివేవాళ్ళకు ఒక్కటి చెబుతాను. మీ మనిషిని నర్సింగ్ హోంలో పెడితే గచ్చు చూడకండి, దుప్పటి చూడకండి, డాక్టరు మాట తీరు చూడకండి. మనిషిని పక్కకు తిప్పించి వీపు చూడండి. తిప్పడానికి మనుషులు చాలకపోతే మేమూ పట్టుకుంటామని చెప్పండి. వాసన వస్తే అది దేని వాసనో మీకు మీరే చెప్పుకుని ఊరుకోకండి, దుప్పటి ఎత్తి చూడండి.

లచ్చమ్మ రోజూ పొద్దున నన్ను పక్కకు తిప్పి, వేపాకు నీళ్ళతో కడిగి, పాత పంచె చింపి కట్టు కడుతుంది. నా వీపు నాకు కనిపించదు గనుక ఆమెనే అడుగుతాను. ఈ పొద్దున కూడా అడిగాను.

"ఏం వాసననే అది?"

"గంజిదయ్యా. గంజి పులిసింది, గంతే" అంది.

మా ఇంట్లో గంజి కాచి చాలా రోజులైంది. అవునులే అన్నాను.