ఇబ్బంది లేకపోతే కాస్త ఊదండి

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోరు మరీ మంచిదైపోయి, నిక్షేపంలాంటి ఊరు ఊరంతా నాలుగు రోజుల్లో రోగిష్టిదైపోయింది. కోనసీమలో పుట్టి మర్యాదని తప్పుపడుతుందేమిటి ఈవిడ అనుకోకుండా చివరిదాకా వినండి. ఇబ్బంది లేకపోతేనే సుమా.

అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. కొబ్బరి పీచు మిల్లుల చుట్టుపక్కల ఊళ్ళలో జనానికి ఊపిరి ఎలా ఆడుతోంది, నిద్ర ఎలా పడుతోంది అని ఒక డాక్టరమ్మ పరిశోధన మొదలుపెట్టారు. ఏళ్ళ తరబడి పీచు దుమ్ము పీల్చేవాళ్ళని ఇన్నాళ్ళూ ఎవరూ పట్టించుకోలేదని ఆవిడ బాధ. ఫారాలు నింపి, ఊపిరి కొలిచే మిషను నడిపే పని నాకిచ్చారు.

డాక్టరమ్మది కర్నూలు వైపు. శిక్షణ రోజున ఆవిడే చేసి చూపించారు. ముక్కుకి క్లిప్పు పెట్టి, గుండెల నిండా గాలి పీల్చి, అట్టగొట్టంలోకి ఒక్కసారిగా బలమంతా పెట్టి ఊదాలి. పక్కన నిలబడ్డవాళ్ళు అరిచి ఊదించాలి. "ఊదు, ఊదు, ఊదు, ఇంకా, ఆపొద్దు" అని ఆవిడ అరిచిన అరుపుకి గోడ మీద కాకులు లేచిపోయాయి.

పాపం, ఈవిడకి పెద్దవాళ్ళతో మాట్లాడటం రాదు అనుకున్నాను. నేనా, కోనసీమలో పలివెల పిల్లని. మర్యాద నాకొకరు నేర్పాలా?

కపిలేశ్వరపురం వైపు ఒక ఊళ్ళో, పంచాయతీ ఆఫీసు గదిలో బల్ల వేసుకుని కూర్చున్నాను. మొదట వచ్చినాయన సూర్యారావు గారు. అరవై దాటిన మనిషి, భుజాన తువ్వాలు.

"నమస్కారమండి తాతగారూ. టిఫిను చేసేరా?"

"ఆయ్, చేసేనండి. మీరు చేసేరా అండి?"

"ఆయ్. నిద్ర బాగా పడుతుందా అండి?"

"నడుం వాలిస్తే పట్టేస్తదండి."

"గురక పెడతారా అండి?"

"అప్పుడు నేను నిద్దట్లో ఉంటానండి. మా ఆవిడ్ని అడగాలండి."

చేసే పని అన్నచోట పీచు మిల్లు అని రాసుకున్నాను. ఇంకేమైనా పని చేస్తారా అని దాని పక్కనే మరో గడి ఉంది. పెద్దాయన్ని ఎన్ని ప్రశ్నలని వేధిస్తాం అని దాన్ని ఖాళీగా వదిలేశాను. ఈ గడిని కాస్త గుర్తుంచుకోండి.

"మీకు ఇబ్బంది లేకపోతే ఈ గొట్టంలో కాస్త ఊదండి తాతగారూ. కంగారేం లేదు."

ఆయన గొట్టం చూశారు, ఎదురుగా కూర్చున్న నన్ను చూశారు. "మీ మొహమ్మీదకా అండి?"

"పర్లేదండి."

ఆయన తల కొంచెం పక్కకి తిప్పుకుని, టీ చల్లార్చుకోవడానికి సరిపడా గాలి వదిలారు. "చాలా అండి?"

"చాలండి. శ్రమ పడకండి."

అలా నాలుగు రోజుల్లో ఇరవై ఆరుమందిని ఊదించాను. ఆడవాళ్ళయితే కొంగు అడ్డం పెట్టుకుని మరీ ఊదారు. మిషను ప్రతిసారీ తెర మీద పసుపు గుర్తు చూపించింది. పసుపు శుభమే కదా అని నేను సంతోషించాను.

నాలుగో రోజు సాయంత్రం లెక్కలు చూస్తే ఊళ్ళో ఒక్కరికీ ఉండవలసిన ఊపిరి లేదు. నాకు ఒళ్ళు ఝల్లుమంది. ఎంత పెద్ద విషయం కనిపెట్టాను అనుకున్నాను. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, అప్పుడే నాకు శాలువా కప్పుతున్నట్టు కూడా కనపడింది. ఫలితం ఎవరికైనా చెప్పాలంటే డాక్టరమ్మే చెప్పాలని నియమం. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ, మర్నాడు దారిలో సూర్యారావు గారు ఎదురుపడి "మనదెలా ఉందండి?" అని అడిగేసరికి ఉండబట్టలేకపోయాను.

"మీ ఊపిరి సగమే ఉందండి తాతగారూ" అన్నాను, ఎంతో మర్యాదగా.

ఆయన "ఆయ్" అన్నారు. తువ్వాలు సర్దుకుని వెళ్ళిపోయారు.

సోమవారం డాక్టరమ్మ వచ్చి పట్టిక చూశారు. తర్వాత ఒక్కొక్కరి ఊపిరికీ మిషను గీసిన గీత తీసి చూశారు. నేను పొగడ్త కోసం నిలబడ్డాను.

"ఏమ్మా, ఊర్లో ఒక్కరికీ ఊపిరి లేదా?"

"లేదండి. పాపం."

"ఇట్లా రా. గట్టిగా ఊదితే గీత తాటిచెట్టు మాదిరి నిటారుగా లేయాల. జబ్బున్నోళ్ళకైనా ముందు లేసి, ఆ తర్వాత కుంగుతుంది. ఇది లేయనే లేదు. నువ్వు ఏమని ఊదించినావు?"

చెప్పాను. ఇబ్బంది లేకపోతే అన్న మాటతో సహా చెప్పాను.

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఇది జబ్బు కాదమ్మా. మర్యాద."

నేను తేరుకునేలోపే గుమ్మంలోకి ఒకమ్మాయి వచ్చింది. సూర్యారావు గారి మనవరాలు దేవి. అప్పటికే పెళ్ళికూతుర్ని చేసినట్టున్నారు, బుగ్గన చుక్క ఉంది.

"మా తాతయ్య సన్నాయి పెట్టెలో పెట్టేసేరండి. ఎల్లుండి నా పెళ్ళండి. ఊపిరి సగమే ఉందంట, తాళి కట్టేటప్పుడు మధ్యలో ఆగిపోతే అపశకునం, నేను వాయించనంటున్నారండి. నా చిన్నప్పట్నించీ నీ పెళ్ళికి నేనే వాయిస్తానని చెప్పిన మనిషండి."

డాక్టరమ్మ ఫారం తీసి చూశారు. ఇంకేమైనా పని చేస్తారా అన్న గడి తెల్లగా వెలిగిపోతోంది. నలభై ఏళ్ళుగా పెళ్ళిళ్ళకి సన్నాయి ఊదుతున్న మనిషికి ఊపిరి లేదని తేల్చిన మొదటి శాస్త్రవేత్తను నేనే అయి ఉంటాను. భూమి చీలిపోతే అందులోకి దిగుదామనుకున్నాను. అది కూడా నాకు మర్యాద చేసినట్టుంది, చీలలేదు.

"తాతగారిది ఒక్కటీ మళ్ళీ తీసేస్తే సరిపోతుంది కదండీ" అన్నాను.

అప్పుడు ఆవిడ అన్న మాట నేనింకా మరిచిపోలేదు.

"ఆయనకు సన్నాయి ఉంది కాబట్టి మన తప్పు బయటపడింది. సన్నాయి లేనోళ్ళ సంగతేంది?"

ఇరవై ఆరు ఫలితాలూ కొట్టేశారు. ఒక్క కసురు కసరలేదు. నేరుగా సూర్యారావు గారింటికి నడిచి, అరుగు మీద ఆయన పక్కన కూర్చుని, పెళ్ళిపనులకి వచ్చిన చుట్టాలందరి ముందూ చెప్పారు. "మీ ఊపిరిలో తప్పు లేదయ్యా. మేం కొలిచిన తీరులో ఉంది. నేర్పినదాన్ని నేనే కాబట్టి తప్పు నాది. రేపు ఇంకోసారి వచ్చి ఊదండి. నిద్ర పడుతోందా?"

"అమ్మాయిగారు సగమన్న కాడి నుంచీ పట్టట్లేదండి" అన్నారాయన, నా మీద ఏ కోపమూ లేకుండా.

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెద్ద చదువు చదివిన మనిషి, తనది కాని తప్పుని తన మీద వేసుకుని అంతమందిలో ఒప్పుకోవడం నేను చూడటం అదే మొదటిసారి.

మర్నాడు డాక్టరమ్మ కుర్చీని కిటికీ వైపు తిప్పించారు. "మనుషుల మీద ఊదొద్దు. బయట ఆ కొబ్బరిచెట్టు మీద ఊదండి. ఈ పిల్ల చాలు అనేదాకా ఆపొద్దు." తర్వాత నా వైపు తిరిగి "ఇంక నువ్వు గట్టిగా అరువు" అన్నారు.

పెద్దాయన్ని ఊదు అనడానికి నాకు నోరు రాలేదు. మధ్యేమార్గంగా "ఊదండి ఊదండి ఊదండి, ఇంకా అండి, ఆపకండి" అని అరిచాను. గీత తాటిచెట్టులా లేచింది. సరిగ్గా ఊదారని ఆకుపచ్చ గుర్తు పడింది. నా ఊపిరే అయిపోయి నేను "చాలండి" అనేదాకా ఆయన ఊదుతూనే ఉన్నారు.

మిగతా పాతికమందినీ ఆ రోజే కొబ్బరిచెట్టు మీద ఊదించాం. నిజంగా ఊపిరి తగ్గినవాళ్ళు ముగ్గురు తేలారు, మిల్లు దుమ్ములోనే పీచు ఆరబోసే ఆడవాళ్ళు. నా పట్టికలో ఊరంతా రోగులే కాబట్టి ఆ ముగ్గురూ ఎవరికీ కనపడలేదు. డాక్టరమ్మ వాళ్ళని వెంటనే అమలాపురం తీసుకెళ్ళి వైద్యం మొదలుపెట్టించారు.

ఎల్లుండి రానే వచ్చింది. పగటి ముహూర్తం. పందిట్లో డాక్టరమ్మా నేనూ పక్కపక్కనే కూర్చున్నాం. జీలకర్ర బెల్లం అయింది, పెళ్ళికొడుకు తాళి అందుకున్నాడు, సూర్యారావు గారు సన్నాయి ఎత్తారు. ఆ స్వరం అలా సాగుతూ ఉంటే నాకు ఒళ్ళు తెలియలేదు. ముందురోజంతా అరిచిన అలవాటు. పందిట్లో లేచి నిలబడి అరిచేశాను.

"ఊదండి ఊదండి ఊదండి, ఇంకా అండి, ఆపకండి!"

పందిరంతా నా వైపు తిరిగింది. సిగ్గుతో కూలబడి కొంగులో మొహం దాచుకున్నాను. మూడు ముళ్ళూ పడ్డాయి. సన్నాయి ఆగలేదు. పంతులుగారు మంత్రం చదవబోయి ఆగారు. డోలు ఆయన వాయించి వాయించి చేతులు దులుపుకున్నాడు. పెళ్ళికూతురు తలంబ్రాలు దోసిట్లో పట్టుకుని చూస్తోంది. సన్నాయి ఆగలేదు. చివరికి డాక్టరమ్మ నన్ను మోచేత్తో పొడిచారు.

"చాలు అని చెప్పమ్మా."

"చాలండి తాతగారూ" అన్నాను.

ఆయన సన్నాయి దించి, నుదురు తుడుచుకుని, ఎంతో వినయంగా అన్నారు. "ఆయ్. తమరి మాట కోసమే చూస్తున్నానండి."

ఆ తలంబ్రాల సాక్షిగా, ముక్కు క్లిప్పు సాక్షిగా, ఆనాడే ప్రతిజ్ఞ చేశాను. ఊపిరి కొలిచేచోట ఇబ్బంది లేకపోతే అన్న మాట ఎత్తను. ఏ గడీ ఖాళీగా వదలను. డాక్టరమ్మ చూడకుండా ఎవరి ఊపిరీ సగం చెయ్యను. అన్నిటికన్నా ముఖ్యంగా, ఊదమన్నాక చాలని చెప్పడం మరిచిపోను.

మీరూ మర్యాదకి ఇంకా వింటూ కూర్చున్నట్టున్నారు. చాలండి.