దుప్పటి కప్పుకుని బండి చూసిన మేస్త్రి

రెండు వారాల కిందట ఒక బుధవారం పొద్దున వ్యాను స్టార్టు కాకపోతే ఎప్పటిలాగే మేస్త్రికి ఫోన్ చేశాను. ఆయన భార్య ఎత్తింది. "ఆయన లేడమ్మా. ఆదివారం పొద్దుగాల గుండెనొప్పొచ్చింది. దవాఖానకు తీస్కపోయేలోపే పోయిండు," అంది. "సరేనండి" అని పెట్టేశాను. సరేనట! ఆ మాట నన్నింకా తినేస్తూనే ఉంది.

ఆయన చందానగర్‌లో బండ్ల వైరింగ్ చేసే మేస్త్రి. మాది పాత పెట్రోలు వ్యాను. లోపల మంచం, చిన్న గ్యాసు పొయ్యి బిగించి సెలవుల్లో ఊళ్లు తిరగాలని మా ఆయన ముచ్చటపడి కొన్నాడు. రెండుసార్లు తిరిగామో లేదో, బైకు మీంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాడు. కూర్చోలేడు. వారానికి మూడుసార్లు ఫిజియోథెరపీకి ఆ మంచం మీద పడుకోబెట్టే తీసుకెళ్లాలి. మానితే కాళ్లు బిగుసుకుపోతాయని డాక్టరు ముందే చెప్పారు.

పోయిన దసరా అయ్యాక మొదలైంది పీడ. చెమ్మగా ఉన్న పొద్దుల్లో బండి మూలిగేది తప్ప అంటుకునేది కాదు. నానక్‌రామ్‌గూడ ఆఫీసు కాల్ ఒక చెవిలో, బండి మూలుగు ఇంకో చెవిలో. వీడియోలు చూసి ప్లగ్గులు, బ్యాటరీ, కాయిల్ అన్నీ మార్పించాను. థెరపీ మాత్రం తప్పుతూనే ఉంది. కోపం రావడానికి కూడా ఓపిక కావాలి, నాకు అదీ లేదు.

చివరికి ఎవరో చెబితే మేస్త్రి షేర్ ఆటోలో వచ్చాడు. టీ ఇస్తానంటే "బండి లేసినంక తాగుత" అన్నాడు. ఇంజను మీదున్న పక్క సీటు ఎత్తి, మా ఆయన కప్పుకున్న దుప్పటి అడిగి, పట్టపగలు ఇంజనుకీ తన తలకీ కలిపి కప్పుకుని, "ఇగ కొట్టమ్మా సెల్ఫ్!" అన్నాడు. బాల్కనీల్లో జనం నవ్వుతున్నారు. కాసేపటికి "నేను కొడత, నువ్వు సూడు" అని దుప్పటి నాకిచ్చాడు. ఆ చీకట్లో, ప్లగ్గులకు కరెంటు పంచే నల్ల మూత మీద సన్నగా నీలం నిప్పు పాకుతోంది. ప్లగ్గుకు వెళ్లాల్సింది దారిలోనే కారిపోతోంది.

మేస్త్రి మూతను వేలితో గీకాడు. వేలికి పసుపు! దసరా బండిపూజకు మా అత్తగారు టైర్లకూ స్టీరింగుకూ బొట్లు పెడుతుంటే, "నిప్పు పుట్టేది ఇక్కడే అత్తయ్యా, ఇక్కడా పెట్టండి" అని సీటెత్తి చూపించింది నేనే. ఆవిడ పాపం కొడుకు కాళ్లను తలుచుకుని, తడి పసుపు దట్టంగా మెత్తారు. ఆ పసుపు చెమ్మ పీల్చిన పొద్దుల్లో కరెంటు దాని మీదుగా జారిపోయేది.

"బొట్టు ముఖానికి పెడతరమ్మా, నాలిక మీద పెడతరా?" అన్నాడు మేస్త్రి. సిగ్గుతో చచ్చాను. "అన్ని మార్చినవ్, ఒక్కటి తుడువలే. మార్చే ముందు తుడువాలె."

మూత తుడవగానే బండి లేచింది. పాత మూత కదా, ఆ తర్వాత కూడా చెమ్మకు ఒక్కోసారి మొరాయించేది; వాన పడిన పొద్దుల్లో ఆయనే ఫోన్ చేసేవాడు, "లేసిందా?" అని. వచ్చినప్పుడల్లా ముందుగా వ్యాను వెనక మంచం వైపు తొంగిచూసి, "అన్నా, కాళ్లు ఎట్లున్నయ్?" అనేవాడు. "నీ బండి కంటే నయం మేస్త్రీ," అనేవాడు మా ఆయన. నా అలసట మేమిద్దరమే మోయడం లేదని నాకనిపించింది ఆ రెండు మాటల వల్లే.

ఆ బుధవారం ఫోన్ పెట్టేశాక నేనే మూత విప్పి పొడిగుడ్డతో తుడిచాను. ఒక్క సెల్ఫ్‌కే లేచింది. అప్పుడొచ్చింది ఏడుపు.

పదకొండో రోజు వాళ్లింటికి వెళ్లాం. గల్లీ ఇరుకు, వ్యాను పట్టలేదు. మా ఆయన వాకర్ ఇవ్వమన్నాడు. థెరపీ గదిలో పది అడుగులు తప్ప బయట ఎక్కడా వెయ్యని మనిషి, గోడల పక్కన ఆగుతూ ఆగుతూ మేస్త్రి ఫొటో దాకా నడిచాడు. మేస్త్రి భార్య కుర్చీ వేసి, "కూసో అన్నా, కాళ్లు వణుకుతున్నయ్," అంది.

"వద్దమ్మా. ఆయన నన్నెప్పుడూ పడుకునుండగానే చూశాడు," అన్నాడు మా ఆయన. వాకర్ వదిలి చేతులు జోడించలేక, తల మాత్రం వంచి అలాగే నిలబడ్డాడు.