చదవకుండా పెట్టిన సంతకం

ఆర్లెన్ నీమి అమెరికాలోని డులుత్‌లో లెక్కల మాస్టారుగా రిటైరయ్యాడు. ఖాళీగా కూర్చోలేక, చిన్న ఊళ్ల లైబ్రరీలకు ఉచితంగా సాఫ్ట్‌వేర్ అందించే ఒక బృందంలో చేరాడు. అక్కడి పద్ధతి ఒకటే. ఒకరు మార్పు రాసి తన డిజిటల్ సంతకం పెట్టాలి, రెండోవారు దాన్ని వరసవరసా చదివి తన సంతకమూ పెట్టాలి. రెండు సంతకాలూ లేనిదాన్ని ఏ లైబ్రరీ కంప్యూటరూ లోపలికి రానివ్వదు. ఎవరు రాశారో, ఎవరు చదివారో మార్పుల చిట్టాలో అలాగే ఉండిపోతుంది, చెరపడం ఎవరి తరమూ కాదు.

ఎనిమిదేళ్లుగా రాసేది మార్లిస్, చదివేది ఆర్లెన్. ఆవిడ పోస్టాఫీసులో పనిచేసిన మనిషి, కామా పోయినా ఊరుకోదు. ఆవిడ రాసిందాన్ని మళ్లీ చదవడమేమిటనుకున్నాడో ఏమో, మార్చిలో ఒక మధ్యాహ్నం మంచు మీద రాళ్లు జార్చే కర్లింగ్ ఆటకు వేళ మించిపోతోందని, ఫైలు తెరవకుండానే సంతకం పెట్టేసి బూట్లు తొడుక్కున్నాడు ఆ పెద్దమనిషి.

ఆ మార్పులో దొర్లిన తప్పుకు, తెల్లారేసరికి నలభై లైబ్రరీల్లో పాఠకుల పేర్లన్నీ మాయం. తిరిగి ఎక్కించడానికి వారం పట్టింది.

సమావేశంలో అందరూ మార్లిస్ మీద పడ్డారు. ఆర్లెన్‌ను ఒక్కరూ పల్లెత్తు మాట అనలేదు. పైగా, అంతటివాడు చదివినా తప్పు కంటపడలేదంటే ఆవిడ ఎంత గజిబిజిగా రాసి ఉంటుందో అన్నారు. చదవలేదని చెప్పాల్సింది అప్పుడే. చెప్పలేదు, పిరికివాడు. ఆవిడకు సంతకం హక్కు ఉంచాలా తీసెయ్యాలా అన్నది మూడు వారాల తర్వాత తేలుద్దామని లేచారు.

ఆ మూడు వారాలూ ఆర్లెన్‌కు అద్దంలో మొహం చూసుకోవాలంటే సిగ్గేసేది. రోజూ ఉత్తరం రాయడం, పంపకుండా మానెయ్యడం. చివరికి సమావేశానికి ముందురోజు మార్లిస్ ఇంటికి వెళ్లాడు. ఆవిడ పొయ్యి దగ్గర సూప్ కలుపుతూనే కూర్చోమంది.

"మార్లిస్, నేనది చదవలేదు. అసలు తెరవనే లేదు."

"తెలుసు," అందావిడ, గరిటె ఆపకుండా. "నేను పంపింది నాలుగూ పదికి. నువ్వు సంతకం పెట్టింది నాలుగూ పదకొండుకి. తొమ్మిదొందల వరసలు నిమిషంలో చదివే మొనగాడివా నువ్వు?"

"మరి మీటింగులో ఎందుకు చెప్పలేదు?"

"తప్పు రాసింది నేను, అది ఒప్పుకున్నాను. చదవలేదన్న మాట నువ్వు చెప్పాలి. ఇవాళ చెప్తాడు, రేపు చెప్తాడు అని చూశాను. పొద్దున్నే నా సంతకం నేనే రద్దు చేసేసుకున్నా."

రద్దయిన సంతకం మళ్లీ పనికిరాదు. రేపు అందరి ముందూ ఒప్పుకుంటాననీ, కొత్త సంతకం తనే దగ్గరుండి ఇప్పిస్తాననీ, తిరిగి బృందంలోకి రమ్మనీ ఆర్లెన్ బతిమాలాడు.

"చెప్పుకో. నేను మాత్రం రాను," అంది మార్లిస్. "వెనకాల ఒక మనిషి చదువుతున్నాడన్న ధైర్యంతోనే ఇన్నేళ్లూ రాశాను, ఆర్లెన్. ఇప్పుడా ధైర్యం పోయింది."

మర్నాడు అతను అందరి ముందూ చెప్పాడు. ఆ మార్పు తాను చదవలేదని చిట్టాలో తన పేరు మీదే రాశాడు. ఇంత నిజాయితీ ఎవరికుంటుందని అందరూ తెగ మెచ్చుకున్నారు, ఒకాయన లేచి వచ్చి చెయ్యి కూడా కలిపాడు. ఆర్లెన్ తలెత్తలేకపోయాడు.