డబ్బాకు కట్టిన చీరె

మధ్యాహ్నం రెండు దాటింది. గోడకు చెయ్యి ఆనిస్తే కాలుతుంది. పొద్దుగాల తాగిన చాయ తప్ప సత్తయ్య కడుపుల ఏం లేదు. బట్ట నేసే సాంచెలు నడిపే కార్ఖానా నుంచి సిరిసిల్ల గల్లీలు దాటుకుంట ఇంటికచ్చి కంచం ముందట కూసున్నడో లేదో, బయట కుక్కలు మొరిగినయ్. తొంగి సూసిండు. కరెంటు బిల్లాయన నాలుగిండ్ల అవతల మీటరు సూస్తున్నడు.

సత్తయ్య కలిపిన బువ్వ కలిపినట్టే ఇడిసి లేసిండు.

"రాధా, పాత చీరె ఒకటియ్యి. జల్ది."

"తిని పో. ఆయనేమన్న పులా?" అన్నది పెండ్లాం రాధమ్మ.

"ఇయ్యిమంటే ఇయ్యి."

ఇంటెనుక సజ్జ మీద ఏసీ బయటి డబ్బా గుర్రుమంటుంది. సత్తయ్య స్టూలెక్కి దాని సుట్టు చీరె సుట్టి, ముందట జాలి గూడ కనపడకుంట తాడుతోని బిగించిండు. పక్కింటి దేవవ్వ గోడ మీదికెళ్లి సూసి నవ్వింది.

"ఏం సత్తయ్యా, డబ్బాకు చీరె గడుతున్నవ్. పెండ్లిసూపులా?"

"సప్పుడు జెయ్యకవ్వా, నీకు దండం బెడ్త."

సత్తయ్యకు బుగులు. నెలకు రెండువందల యూనిట్ల లోపల ఉంటెనే సర్కారు జీరో బిల్లు. దాటిందంటే మొత్తం కట్టాలె. దాని మీద గల్లీల ఎవలో పుట్టిచ్చిన మాట ఇంకోటి, ఏసీ కండ్లబడితే రేషన్ కార్డు తీసేస్తరట. నిజమో అబద్ధమో అడుగుదామంటే, అడిగితెనే దొరికిపోతమని భయం. ఆ బియ్యం మీదనే ఇల్లు ఎల్లుతుంది.

గా ఏసీ సత్తయ్యది కాదు, బామ్మర్ది ఓదెలుది. ఓదెలుది కోరుట్ల దిక్కు ఇబ్రహీంపట్నం. గల్ఫ్‌ల బిల్డింగుల మీద సలాకలు వంచే పని జేసెటోడు. ఒకనాడు ఎండకు పడిపోయిండు, కండ్లు తెరిసేసరికి దవాఖానల ఉన్నడు. అప్పటి సంది వాని ఒంటికి చెమట సరిగ పట్టదు. లోపలి వేడి లోపల్నే ఉంటది, మల్ల పడితే లేసుడు కష్టమని జగిత్యాల డాక్టరు జెప్పిండు. నలుగుర్ల నవ్వుకుంట ముచ్చట పెట్టెటోడు, పొద్దు మీదికస్తుంటే మాట మధ్యలనే ఆపి లోపలికి పోతడు. అక్క ఇంట్ల ఉండి రాత్రి షిఫ్టు సాంచెలు నడుపవట్టె. పగటిపూట పండాలంటే సల్లగుండాలె. అందుకే కోరుట్లల పాత సామాన్ల దుకాణంల ఏసీ కొని, ట్రాలీల ఏసుకొని అచ్చిండు.

"బావా, ముసల్దే గని గట్టిది," అన్నడు దాని మీద తట్టుకుంట.

"మీ అక్క లెక్కనా?" అన్నడు సత్తయ్య. రాధమ్మ గంటె జూపెట్టింది.

చీరె గట్టిన ఆ దినం బిల్లాయన మీటరు సూసి, జీరో బిల్లు ఇచ్చి పోయిండు. ఇంటెనుకకు రానే లేదు. అయినా సత్తయ్య చీరె ఇప్పలేదు. ఎవలు ఎప్పుడస్తరో అని అట్లనే ఉంచిండు.

ఇగ డబ్బా సప్పుడు మారింది. ముందైతే కొంతసేపు నడిచి ఆగేది, మల్ల నడిచేది. ఇప్పుడు ఆగుతనే లేదు. కార్ఖానాల సప్పుడు ఆగితే భయం, ఆ పూట కూలి పోతదని. ఇంట్ల సప్పుడు ఆగకపోతే భయం పట్టుకుంది. తిన్నా, పండుకున్నా చెవుల అదే. గది సల్లబడుతలేదని ఓదెలు రిమోటు ఇంకింత కిందికి ఒత్తుతున్నడు. ముసల్ది కరెంటు మింగుతుందనుకున్నడు సత్తయ్య.

ఆ మీది నెల బిల్లాయన చీటి చేతిల వెట్టి, "ఈసారి దాటిందన్నా," అన్నడు. సత్తయ్య చీటిల అంకెలు సూసిండు. ఇగ కార్డు గూడ పోయినట్టే అనుకున్నడు. లోపల ఓదెలు నిద్రల ఉన్నడు. సత్తయ్య ఎవలకు జెప్పకుంట పోయి మీటరు కాడ మెయిన్ బంద్ జేసిండు.

కొంతసేపటికి ఓదెలు తలుపు నూకుకొని బయటవడ్డడు. మొఖం ఎర్రగ కందింది, ఒంటి మీద చెమట సుక్క లేదు. నల్లా కాడ కూలవడి నెత్తి మీద నీళ్లు గుమ్మరించుకున్నడు.

"ఏమైంది బావా?"

"కరెంటు పోయింది."

గప్పుడే దేవవ్వ ఇంట్ల టీవీల ఎవలో పకపక నవ్విండ్రు. ఓదెలు గోడ దిక్కు సూసిండు, బావ దిక్కు సూసిండు. ఇంకో చెంబు పోసుకున్నడు.

వంటింట్ల రాధమ్మ సత్తయ్యను నిలవెట్టింది. "వాడు సచ్చిపోతే?"

"కార్డు పోతే?" అన్నడు సత్తయ్య. అన్నంక రాధమ్మ మొఖం సూడలేక, పోయి మెయిన్ మల్ల ఏసిండు.

తెల్లారి మధ్యాహ్నం సత్తయ్య ఏసీలు బాగుజేసే తిరుపతిని ఎంట వెట్టుకొని అచ్చిండు. తిరుపతి డబ్బాను సూసి నోరు తెరిసిండు.

"ఎవలు గట్టిండ్రే గీ చీరె? లోపలి వేడి గీడికెళ్లే గదా బయటికి పోయేది. మూతికి గుడ్డ గట్టి ఉరుకుమంటే ఎట్ల ఉరుకుతది? ముందే పాతది. గది సల్లబడితెనే ఆగుతది, సల్లబడకపాయె, ఆగకపాయె. అందుకే గన్ని యూనిట్లు తాగింది."

"మరి ఏసీ ఉంటే కార్డు తీసేస్తరట?"

"నాకేం ఎరుక? నేను బాగుజేసే ఇండ్లల్ల సానామందికి కార్డులున్నయ్."

తిరుపతి చీరె ఇప్పి, జాలికి పట్టిన నూలు దుమ్ము కడిగిండు. కడిగేటప్పుడు బంద్ జేసిన మెయిన్ ఏసిండ్రు, ఏసీ మల్ల నడిచింది. కొంతసేపటికి బయటి డబ్బా టక్కున ఆగింది. ఎన్నొద్దులకో గా సప్పుడు దానంతట అదే ఆగింది. సత్తయ్య ఉరికురికి పోయి గది తలుపు తెరిసిండు.

"ఓదెలూ, లే, తప్పు ముసల్దానిది కాదు, నాదే..."

దుప్పటి మడతవెట్టి ఉంది. బ్యాగు లేదు. ఫోను కలిపితే బంద్ ఉంది. "పండుకున్నడే అనుకున్న," అన్నది రాధమ్మ గోడకు ఒరిగి.

"ఇందాకనే పోయిండు గదా," అన్నది దేవవ్వ. "నెత్తి మీద తడి తువ్వాల ఏసుకున్నడు. యాడికి కొడుకా అంటే పలుకలే."

బయట గల్లీల మనిషన్నోడు లేడు. గంత ఎండల ఓదెలు ఒక్కడే నడిచిపోయిండు. సత్తయ్య చెప్పులు గూడ ఏసుకోకుంట బస్టాండు దిక్కు ఉరికిండు. మూసిన షటర్ల కింద సూసిండు, నిలవడ్డ లారీల ఎనుక సూసిండు. యాడ ఓదెలు నేల మీద పడి కనపడుతడో అని నీడ నీడకు వంగి సూసుకుంట పోయిండు.